గుంతలో పడ్డాక వెనక రిమ్ము ఔట్: బెండు తీయిస్తే సరిపోతుందా, మార్చాలా?

రుషికొండ_రైడర్ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నాది హైబ్రిడ్ సైకిలు. 700సి చక్రాలు, డబుల్ వాల్ అల్యూమినియం రిమ్ములు, 32 స్పోకులు, వి-బ్రేకులు. పోయిన నెల భీమిలి రోడ్డులో మంగమారిపేట దాటాక లారీకి దారి ఇవ్వబోయి నీళ్లు నిండిన గుంతలోకి దిగాను. వెనక చక్రం ఠంగుమంది, వెంటనే గాలి పోయింది. ట్యూబు మార్చుకుని ఇల్లు చేరాను.

అప్పటినుంచి వెనక బ్రేకు పట్టినప్పుడల్లా చక్రం ప్రతి చుట్టులోనూ ఒకచోట గట్టిగా పట్టి వదులుతోంది. సీటు మీద కూర్చుంటే కొంచెం ఎగిరేసినట్టు కూడా ఉంటోంది. దగ్గర్లోని షాపులో నిప్పిళ్లు (స్పోకు కొసన రిమ్ములో ఉండే చిన్న నట్లు) తిప్పి బెండు తీశారు. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ వంకరైంది. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు టిక్ టిక్ మని కొత్త శబ్దం ఒకటి మొదలైంది.

ఒకరు చక్రం మొత్తం మార్చమంటున్నారు, ఇంకొకరు సుత్తితో సరిచేస్తానంటున్నారు. ఎవరి మాట వినాలి? ఫొటో పెడుతున్నాను.

నిప్పిల్‌కీ (విజయవాడ)

ఫొటోలో టైరు తప్ప రిమ్ము అంచు కనపడటం లేదండీ. ముందు ఇవి చెప్పండి. పంక్చరైన ట్యూబు పారేశారా? ఉంటే చిల్లు ఒకటా, పక్కపక్కన రెండా? బ్రేకు పట్టే చోటు వాల్వుకు ఎంత దూరంలో ఉంది? వెనక గేర్లు ఫ్రీవీలా (హబ్బుకు మరలా తిప్పి బిగించేది), క్యాసెట్టా (హబ్బు మీదికి జారించి కూర్చోబెట్టేది)? ఆ చక్రానికి ఇంతకుముందు ఎప్పుడైనా స్పోకు తెగిందా?

రాడ్‌బ్రేకు_తాత (తెనాలి)

ఇంత హడావుడి దేనికి నాయనా. మా రోజుల్లో క్యారేజీ మీద బస్తా వేసుకుని పొలం గట్ల మీద తొక్కేవాళ్లం. రిమ్ము సొట్టపడితే చక్రం విప్పి, చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో నాలుగు తగిలిస్తే ఆ సాయంత్రానికే సైకిలు రోడ్డెక్కేది. ఇప్పుడు ప్రతిదానికీ మార్చెయ్ మార్చెయ్ అంటారు.

గోల్కొండ_గేర్ (హైదరాబాద్)

తాతా, అది ఇనుప రిమ్ము. రైడర్ అన్నా, నా మాట విని రెడీమేడ్ చక్రం ఒకటి తెచ్చి వేసుకో. ఈ పుల్లలు తిప్పుకుంటూ కూర్చుంటే ఆదివారాలన్నీ అయిపోతయ్. నేను ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద తొక్కుతా, 23 కిలోమీటర్లు ఒక్క గుంత ఉండదు. మీ రోడ్లకు రిమ్ములు ఆగవు.

నిప్పిల్‌కీ (విజయవాడ)

మా రోడ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం గోల్కొండ గారూ :)

తాతగారు చెప్పింది ఆ సైకిలుకు నూటికి నూరు పాళ్లు నిజం. పాత రోడ్‌స్టర్లకు 28 అంగుళాల ఉక్కు రిమ్ములు. టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ముందు 32, వెనక 40 స్పోకులు. ఉక్కు సొట్టపడ్డా కొట్టి వెనక్కి తేవచ్చు, ఒకటి రెండుసార్లు వంచినంత మాత్రాన అలిగి విరగదు. పైగా రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కగోడలను తాకనే తాకవు. హబ్బు (చక్రం నడిమి భాగం) వైపు తిరిగి ఉన్న ముఖాన్ని పట్టుకుంటాయి. అందుకే అంచు కొంచెం అటూ ఇటూ అయినా బ్రేకుకు తెలిసేది కాదు.

రైడర్ గారిది వి-బ్రేకు. రబ్బరు రుద్దుకునేదే పక్కగోడను. ఆ గోడ వంకరైతే బ్రేకు వంకరైనట్టే. అల్యూమినియాన్ని వంచి మళ్లీ వెనక్కి వంచితే ఆ మడత దగ్గరే బీట పుట్టే ప్రమాదం ఉంది. టైరు లోపలి గాలి ఆ గోడను రాత్రింబవళ్లు బయటికి తోస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ రిమ్ముకు సుత్తి వద్దు.

రుషికొండ_రైడర్

ధన్యవాదాలు. ట్యూబు ఉంది. చిల్లులు రెండు, పక్కపక్కన చిన్న గీతల్లా ఉన్నాయి. బ్రేకు పట్టే చోటు వాల్వు నుంచి దాదాపు పావు చుట్టు దూరంలో ఉంది. ఫ్రీవీలే, 7 స్పీడు. పోయిన ఏడాది చైను వైపు ఒక స్పోకు తెగితే వేయించాను.

నిప్పిల్‌కీ (విజయవాడ)

మంచి సమాచారం. రెండు చిల్లులంటే టైరు పూర్తిగా నొక్కుకుపోయి, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. అంటే దెబ్బ నేరుగా రిమ్ముకే తగిలింది. టైరు పక్కగోడలో దారాలు తెగాయేమో కూడా చూడండి. రిమ్ము గొడవలో పడి దాన్ని అందరూ మరచిపోతారు.

వాల్వు దూరం ఎందుకు అడిగానంటే, రిమ్ము రెండు కొసలూ కలిసే అతుకు సాధారణంగా వాల్వుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అతుకు సరిగా నున్నగా లేకపోయినా బ్రేకు చుట్టుకొకసారి ఇలాగే పట్టేస్తుంది. మీది పావు చుట్టు దూరం కాబట్టి అతుకు మీద అనుమానం తీసేయొచ్చు.

ఇప్పుడు సైకిలు తిరగేసి పెట్టి, తొందరపడకుండా ఇవి చూడండి. నిప్పిల్ కీ మాత్రం ముట్టుకోవద్దు. ముందే తిప్పేస్తే ఏది ఎందుకు వంకరగా ఉందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

మొదట రిమ్ముది కాని తప్పులు తీసేయాలి. టైరు పక్కన, రిమ్ము అంచుకు కొంచెం పైన, చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. అది ఒకచోట లోపలికి మునిగితే టైరు సరిగా కూర్చోలేదు, ఎగిరేయడం దానివల్లే కావచ్చు. తర్వాత చక్రాన్ని ఫ్రేము దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటక ఆడితే కోనులు (హబ్బు బేరింగులను బిగించి ఉంచే నట్లు) వదులు. తర్వాత చక్రం విప్పి ఇరుసు కొసను వేళ్లతో తిప్పండి, కొస గిరగిర వంకరగా తిరిగితే ఇరుసు వంగింది. ఫ్రీవీల్ హబ్బుల్లో కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది, దాని బయట ఇరుసుకు ఆధారం తక్కువ. గుంతల్లో పడ్డప్పుడు చైను వైపు ఇరుసు వంగడం మామూలే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు రిమ్ము. ఫ్రేముకు ఒక జిప్ టై కట్టి, దాని కొస రిమ్ముకు ఆనీ ఆననట్టు కత్తిరించండి. చక్రం మెల్లగా తిప్పుతూ రిమ్ము పక్కకు ఎంత పోతోంది, హబ్బు వైపు ఎంత దిగిపోతోంది అని రెండూ విడివిడిగా చూడండి. పక్క వంకర వేరు, సొట్ట వేరు. చెడ్డ చోటు మొదలూ చివరా మార్కరుతో గుర్తు పెట్టండి.

ఆఖరున స్పోకులు. ఒక్కో వైపు వరసగా వేలితో మీటుతూ పోండి. ఒకే వైపు స్పోకులు ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. కుడి వైపువి, ఎడమ వైపువి పోల్చకండి. గేర్లకు చోటివ్వడానికి వెనక చక్రంలో కుడి హబ్బు అంచు లోపలికి జరిగి ఉంటుంది, అందుకే చైను వైపు స్పోకుల టెన్షన్ (బిగువు) ఎప్పుడూ ఎక్కువే. ఎడమ వైపుది అందులో సగానికి కాస్త పైన ఉన్నా తప్పు కాదు.

తడిరోడ్డు (లీడ్స్, ఇంగ్లండ్)

బాగా చెప్పారు. ఇంకొకటి కలుపుతాను. బ్రేకు రబ్బరు రుద్దే చోట స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. స్కేలుకూ రిమ్ముకూ మధ్య సందు కనిపిస్తే గోడ అరిగి గుంటపడింది. చాలా రిమ్ములకు అక్కడ సన్నని గాడో చిన్న చుక్కలాంటి గుంటో తయారీలోనే పెడతారు. అది మాయమైపోతే రిమ్ము ఆయుష్షు తీరినట్టే. కొన్ని రకాల్లో తిరకాసుగా ఉంటుంది, అరిగాకే గుర్తు బయటపడుతుంది. మీ రిమ్ము ఏ రకమో చూసుకోండి.

ఇక్కడ చలికాలమంతా తడి, ఇసుక. బ్రేకు పట్టినప్పుడల్లా బూడిదరంగు బురద కారుతుంది, అది కరిగిన రిమ్మే. సముద్రం పక్కన ఇసుక రోడ్డు మీద తొక్కే మీకూ ఇది తక్కువేమీ కాదు.

వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. టైరులో గాలి పూర్తిగా తీసి రిమ్ము బయటి వెడల్పు చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. తర్వాత మామూలుగా కొట్టినంత గాలి కొట్టి, అవే చోట్ల మళ్లీ కొలవండి. ఎక్కడైనా ఒకచోట మిగతా చోట్ల కంటే ఎక్కువ విచ్చుకుంటే ఆ గోడ పలచబడింది, లేదా బీటలిచ్చింది. గాలి తీసేసి ఆ చక్రం పక్కన పెట్టండి.

కాకినాడ_క్రాంకు (కాకినాడ)

నాది డిస్కు బ్రేకు. అంచు సొట్టపడి చాలాకాలమైంది, ఏమీ కాలేదు. దానికీ మార్చాలా?

నిప్పిల్‌కీ (విజయవాడ)

డిస్కు బ్రేకుకు పక్కగోడతో పని లేదు కాబట్టి చిన్న సొట్టతో బండి లాగించవచ్చు. ట్యూబు వేసుకుని, టైరు అంచు గట్టిగా పట్టుకుని, బీట లేకపోతే చాలు. ట్యూబ్‌లెస్ అయితే గాలి ఆ సొట్ట దగ్గరే కారుతుంది. అలాంటి సొట్టను స్క్రూ స్పానర్‌తో నెమ్మదిగా ఒక్కసారి లాగి సరిచేసేవాళ్లున్నారు. ఒక్కసారే. మళ్లీ అదే చోట దెబ్బ తగిలితే ఇంక వదిలేయండి.

రుషికొండ_రైడర్

చూశాను. టైరు గీత చుట్టూ సమానంగా ఉంది. హబ్బులో ఆట లేదు, ఇరుసు నిటారుగానే తిరుగుతోంది. స్కేలు పెడితే సన్నని సందు ఉంది కానీ గాడి ఇంకా కనిపిస్తోంది. కాలిపర్ దొరకలేదు.

మార్కరు పెట్టిన చోట రిమ్ము హబ్బు వైపు రెండు మిల్లీమీటర్ల దాకా దిగింది. ఎడమ అంచు బయటికి విచ్చుకుని ఉంది, వేలితో తడిమితే తెలుస్తోంది. పక్కకు మాత్రం మరీ ఎక్కువ లేదు, మిల్లీమీటరు ఉంటుందేమో, ఎడమకే. అక్కడ ఎడమ వైపు స్పోకులు రెండు మీటితే స్వరమే లేదు, చేత్తో ఆడుతున్నాయి. చైను వైపు వాటి మధ్యది మాత్రం మిగతా వాటి కంటే చాలా సన్నగా పలుకుతోంది. ఎడమవి బిగిస్తే సరిపోతుందా?

నిప్పిల్‌కీ (విజయవాడ)

బిగించొద్దు! అసలు కథ ఇక్కడే ఉంది.

ఎడమ స్పోకులు వదులైతే రిమ్ము మామూలుగా ఎటు పోవాలి? కుడికి. వదులైన వైపు లాగేవాళ్లు లేరు కాబట్టి. రిమ్ము కుడికి పోయి ఉంటే ఎడమవి కాస్త బిగిస్తే పని అయిపోయేది, అది ఒట్టి అలైన్‌మెంటు. మీది ఎడమవి వదులుగా ఉన్నా ఎడమకే పోతోంది. అంటే దాన్ని ఎడమకు లాగుతున్నది స్పోకులు కావు. లోహమే ఎడమకు వంగింది.

షాపులో ఏం జరిగి ఉంటుందంటే, వంగిన లోహాన్ని మధ్యకు తేవడానికి కుడి స్పోకు బాగా బిగించి ఎడమవి వదిలారు. చూపుకు చక్రం నిటారుగా కనిపించింది. కానీ టెన్షన్ లేని నిప్పిల్ ప్రయాణంలో అదిరి అదిరి తనంతట తానే తిరిగిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వంకర. ఇప్పుడు మీరు ఎడమవి బిగిస్తే వంకర ఇంకా పెరుగుతుంది, సొట్ట ఇంకా లోతవుతుంది.

నా దగ్గరికి వచ్చే చక్రాలన్నిటికీ ఇదొక్కటే చూస్తాను. రిమ్ము వంకర, స్పోకుల టెన్షన్ సమానం అంటే లోహం వంగింది. రిమ్ము నిటారు, టెన్షన్ ఎక్కడికక్కడ తేడా అంటే అప్పుడూ లోహం వంగిందనే, కాకపోతే స్పోకులు దాన్ని బలవంతాన నిలబెడుతున్నాయి. రెండోది ప్రమాదం, ఎందుకంటే కంటికి దొరకదు.

సొట్ట విషయానికొస్తే, అక్కడి స్పోకులు వదిలి ఎదుటివి బిగిస్తే అర మిల్లీమీటరో ఇంకాస్తో బయటికి వస్తుంది. రెండు మిల్లీమీటర్లు అలా రాదు. ఇంతటితో అయితే నేను "బ్రేకు కొట్టుకోవడం ఓర్చుకుంటే కొన్ని నెలలు తొక్కొచ్చు" అనేవాణ్ని. కానీ ఆ టిక్ టిక్ నాకు నచ్చలేదు. టైరు, ట్యూబు, రిమ్ టేపు తీసి, మంచి వెలుతురులో నిప్పిల్ రంధ్రాలన్నీ లోపలా బయటా చూడండి. ముఖ్యంగా చైను వైపువి. రిమ్ము ముందు తడిగుడ్డతో తుడవండి, లేకపోతే మురికి గీతలు చూసి భయపడతారు. దూదిని రంధ్రాల చుట్టూ లాగితే బీట ఉన్నచోట పోగులు పట్టుకుంటాయి.

గోల్కొండ_గేర్ (హైదరాబాద్)

టిక్ టిక్ అంటే బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) కూడా కావొచ్చు కదా. ఎత్తుల మీద వస్తోందంటే నేనైతే ముందు పెడల్సు చూస్తా.

తడిరోడ్డు (లీడ్స్, ఇంగ్లండ్)

కావచ్చు. తేల్చడం తేలికే. శబ్దం పెడల్ చుట్టుతో వస్తోందా, చక్రం చుట్టుతో వస్తోందా అని వినాలి. పెద్ద గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగేలోపు చక్రం రెండు మూడు చుట్లు తిరుగుతుంది, కాబట్టి తేడా తెలిసిపోతుంది. స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోట రాసుకున్నా టిక్ మంటుంది, అక్కడ ఒక చుక్క నూనె వేసి చూడండి. వాల్వు నట్టు వదులైనా అంతే.

రుషికొండ_రైడర్

శబ్దం చక్రంతోనే వస్తోంది. నూనె వేశాను, మార్పు లేదు.

టేపు తీశాక చూస్తే చైను వైపు మూడు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత గీతలున్నాయి. తుడిచినా పోలేదు, దూది పట్టుకుంది. ఒకదాని దగ్గర నిప్పిల్ చుట్టూ రిమ్ము కాస్త ఉబ్బినట్టుంది. చాలా నిప్పిళ్ల దగ్గర తెల్లటి పొడి కూడా ఉంది. విచిత్రం ఏంటంటే ఇవి సొట్ట దగ్గర లేవు, దాదాపు ఎదుటి వైపు ఉన్నాయి. ఫొటోలు చూడండి.

నిప్పిల్‌కీ (విజయవాడ)

రెండో ఫొటో స్పష్టంగా ఉంది. అవి బీటలే. ఆ చక్రం మీద ఇంక తొక్కకండి, షాపు దాకా కూడా. ఆటోలో వేసుకెళ్లండి.

ఇవి గుంత వల్ల వచ్చినవి కావు. చక్రం తిరిగిన ప్రతి చుట్టులోనూ నేలను తాకే చోట స్పోకుల టెన్షన్ కాస్త తగ్గి మళ్లీ పెరుగుతుంది. లక్షల చుట్లకు రంధ్రం అంచున అల్యూమినియం అలసిపోయి బీటలిస్తుంది. టెన్షన్ అన్నిటికంటే ఎక్కువ ఉండే చోట, అంటే వెనక చక్రం చైను వైపు, ముందుగా వస్తుంది. పోయిన ఏడాది స్పోకు తెగినప్పుడు పక్కవాటి టెన్షన్ చెదిరిపోయి ఉండొచ్చు, కొత్తది వేసేటప్పుడు కొన్ని మరీ బిగించి ఉండొచ్చు. తెల్లపొడి ఉప్పుగాలి పని. ఇత్తడి నిప్పిల్, అల్యూమినియం రిమ్ము, మధ్య ఉప్పునీళ్లు ఉంటే తినేది అల్యూమినియాన్నే.

నిప్పిల్ దగ్గర ఉబ్బిందన్నారే, స్పోకు రిమ్ములోంచి ఊడి వచ్చే దారిలో ఉంది. ఎత్తెక్కేటప్పుడు పెడల్ బలం ఆ స్పోకుల మీద పడి బీట తెరుచుకుని మూసుకుంటోంది, మీకు వినిపించేది అదే అయ్యుండాలి. గుంతలో పడకపోతే మీరు టేపు తీసేవారే కాదు.

రాడ్‌బ్రేకు_తాత (తెనాలి)

వెల్డింగు పెట్టించకూడదా?

నిప్పిల్‌కీ (విజయవాడ)

వద్దండి తాతగారూ. పలుచని అల్యూమినియం వేడికి మెత్తబడిపోతుంది. బీట పక్కనే ఇంకోటి లేస్తుంది.

గోల్కొండ_గేర్ (హైదరాబాద్)

చక్రం మార్చమని మొదటి రోజే చెప్పిన :)

నిప్పిల్‌కీ (విజయవాడ)

చెప్పారు, కాదనను. కానీ కారణం తెలియకుండా మార్చి ఉంటే కొత్త చక్రానికీ అదే టెన్షన్, అదే ఉప్పు. పైగా రిమ్ము మార్చడం వేరు, చక్రం మార్చడం వేరు. హబ్బు బాగుంటే రిమ్ము ఒక్కటే చాలు.

రైడర్ గారూ, మీ బరువెంత? వెనక సామాను ఏమైనా మోస్తారా?

రుషికొండ_రైడర్

తొంభై దాటాను :( ఆఫీసు బ్యాగు వెనక క్యారియర్ మీద పెడతాను, ల్యాప్‌టాప్, టిఫిను అన్నీ అందులోనే. దూరప్రయాణాలు లేవు.

నిప్పిల్‌కీ (విజయవాడ)

అయితే రెండు దారులు.

ఖర్చు తక్కువలో: 32 రంధ్రాల రిమ్ము, నిప్పిల్ రంధ్రాలకు లోహపు ఐలెట్లు (రంధ్రం అంచుకు బిగించే రింగులు) ఉన్నది దొరికితే మంచిది. పాత స్పోకులు వాడాలంటే కొత్త రిమ్ము ఈఆర్‌డీ పాతదానితో కలవాలి, అంటే ఎదురెదురు నిప్పిళ్లు కూర్చునే చోట్ల మధ్య లోపలి వ్యాసం. తేడా ఎక్కువగా ఉంటే స్పోకులు చాలవు, లేదా కొస నిప్పిల్ దాటి బయటికొచ్చి ట్యూబును పొడుస్తుంది. కలిస్తే రెండు రిమ్ములను పక్కపక్కన టేపుతో కట్టి, ఒక్కో స్పోకు ఇటునుంచి అటు మార్చుకుంటూ పోవచ్చు, కొత్తగా అల్లే పని ఉండదు. నిప్పిళ్లు మాత్రం అన్నీ కొత్తవి వేయించండి. చైను రాసుకుని గాట్లు పడ్డ స్పోకులు కూడా పక్కన పెట్టేయండి.

రెండోది గోల్కొండ గారి దారి, మీ బరువుకు అందులోనూ న్యాయం ఉంది. క్యాసెట్ హబ్బు, 36 స్పోకులు. క్యాసెట్ హబ్బులో కుడి బేరింగు కొసకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇరుసు వంగే భయం తక్కువ. ఇప్పటి 7 స్పీడు షిఫ్టరు మార్చక్కర్లేదు. 8, 9 స్పీడు హబ్బు మీద 7 స్పీడు క్యాసెట్టు 4.5 మిల్లీమీటర్ల స్పేసరుతో కూర్చుంటుంది. ఫ్రేములో వెనక చక్రం పట్టే సందు మాత్రం ముందే కొలవండి, 135 మిల్లీమీటర్లు ఉందో 130 ఉందో.

ఏది చేయించినా టెన్షన్ మీటరు ఉన్న చోట చేయించండి. చైను వైపు చాలా రిమ్ములకు 100 నుంచి 120 కేజీల మధ్య ఉంటుంది. మీ రిమ్ము హద్దు తయారీదారు ఇచ్చిన కాగితంలో చూసి, దాన్ని దాటొద్దని చెప్పండి.

కాకినాడ_క్రాంకు (కాకినాడ)

మధ్యలో ఒక మాట. కార్బన్ రిమ్ముకు కూడా దూదేనా?

తడిరోడ్డు (లీడ్స్, ఇంగ్లండ్)

కార్బన్ సొట్టపడదు. ఉంటే బాగుంటుంది, లేదంటే పగులుతుంది. నాణెంతో చుట్టూ కొడుతూ వినండి, మిగతా చోట్ల టంగున మోగి ఒకచోట మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అనుమానం ఉంటే తొక్కకుండా తెలిసినవాళ్లకు చూపించండి, కంటితో తేలే విషయం కాదు.

రుషికొండ_రైడర్

నిర్ణయించేశాను, క్యాసెట్ హబ్బుతో 36 స్పోకుల చక్రమే అల్లిస్తున్నా. ఫ్రేము సందు 135 వచ్చింది. ఊళ్లో టెన్షన్ మీటరున్న షాపు ఒకటి దొరికింది. పాత రిమ్ము కోసి లోపల చూపిస్తానన్నారు, ఫొటోలు పెడతాను.

ముందు చక్రం కూడా టేపు తీసి చూశాను. రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. వెనక బ్రేకు రబ్బర్లలో మాత్రం మెరిసే లోహపు ముక్కలు దిగి ఉన్నాయి, సూదితో పెకలించి గరుకు కాగితంతో రుద్దాను. చాలా? కొత్తవి వేయాలా?

నిప్పిల్‌కీ (విజయవాడ)

రబ్బరు మీద గాడులు ఇంకా కనిపిస్తుంటే చాలు. కానీ కొత్త రిమ్ముకు కొత్త రబ్బర్లే వేయండి, వందల్లో పోయేదానికి వేలల్లో పెట్టుబడిని గీకించుకోవడం ఎందుకు. చక్రం వచ్చాక వంద కిలోమీటర్లు తొక్కి ఒకసారి మళ్లీ అన్నీ మీటి చూడండి. కొత్త స్పోకులు సర్దుకునేటప్పుడు కొన్ని వదులవుతాయి, షాపులో ఆ రెండో సర్దుబాటు ధరలో కలిపారో లేదో ముందే అడగండి.

మోడరేటర్

రైడర్ గారూ, ఫొటోలు సైజు తగ్గించి పెట్టండి, ఫోనులో తెరుచుకోవడం లేదు. కార్బన్ ప్రశ్నను విడి చర్చగా మార్చాను, క్రాంకు గారు అక్కడ కొనసాగించగలరు.